మెడ వాటా

ఆ చలికాలం మా ఇంటికి నాలుగు మెడలు వచ్చాయి. నాలుగూ కుకామా మెడలే. ఈటెల్లాంటి రెండు నిటారు కొమ్ములను బతికినంత కాలం మోసే జింక అది. దాని మెడ ఎద్దు మెడంత లావు, తుమ్మ వేరంత గట్టి. మొదటిది వచ్చినప్పుడు నాన్న దాన్ని ఇంట్లో ఉంచనివ్వలేదు. నాలుగోదాన్ని అడిగి మరీ తెప్పించుకున్నాడు. మధ్యలో జరిగిందంతా నా లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో ఉంది. రాసుకోవడం వచ్చు గానీ నాకు చెప్పడం రాదు. బడిలో టీచరమ్మ లేపి పాఠం చదవమంటే, పుస్తకం కళ్ళముందు ఉన్నా నా నోరు పెగిలేది కాదు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు.

నోటుబుక్కులో ఆ కాలం గురించి మొదటి మాట మే నెలలో రాశాను, మా వైపు చలికాలం మొదలయ్యేది అప్పుడే. తప్పిపోయిన గాడిదను వెతకడానికి నాన్నా నేనూ ఉప్పు పర్ర వైపు వెళ్ళిన రోజు అది. మా ఊళ్ళో ఇసుక మీద అడుగులు చదవడంలో మా నాన్న మొఖెతిని మించినవాడు లేడు. గిట్ట గుర్తు చూసి జంతువు ఆడదో మగదో, కడుపు నిండిందో లేదో, ఎంతసేపటి కిందట దాటిందో చెప్పేవాడు. ఆ రోజు దారికి అడ్డంగా కుకామా అడుగులు కనిపించాయి. గుంటల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి, ఒక్క ఇసుక రేణువు కూడా జారలేదు. నాన్న ఆగుతాడని నేను ఆగాను. ఆయన ఆ అడుగుల మీద అడుగేసి, గాడిద సంగతే మాట్లాడుతూ దాటిపోయాడు.

ఇంటికొచ్చి రాసుకున్నాను: "నాన్న చూడలేదు." అమ్మకు చెప్పలేదు.

జూన్ రెండో వారంలో వేటగాళ్ళు వెళ్ళిన మర్నాడే తిరిగొచ్చేశారు. ఎప్పుడూ నాలుగు రోజులకు గానీ వచ్చేవాళ్ళు కాదు. ఆరుగురు ఆరు గుర్రాల మీద వెళ్ళారు, ఐదు గుర్రాలే వస్తున్నాయి. నాన్న నడిచి వస్తున్నాడు. ఆయన గుర్రం మీద మొదిసె పెదనాన్న కూర్చున్నాడు. మొదిసె పెదనాన్న వేట గుంపుకు పెద్ద. మాకు చుట్టం కాదు గానీ, నాన్న ఆయన పక్కనే పాతికేళ్ళు గుర్రం తోలాడు.

అమ్మ కంచె దాకా పరుగెత్తింది. "ఎవరికేమైంది బావగారూ?"

"మనుషులకేం కాలేదమ్మా," అన్నాడు పెదనాన్న. "నా గుర్రం ఫెఫో పోయింది. గుండు దానికి తగిలింది. మొఖెతి కళ్ళలో ఎండ పడింది, అంతే. ఎవరికైనా జరగొచ్చు."

ముందురోజు నుంచీ ఆకాశమంతా మబ్బే.

మా వేటగాళ్ళకు ఒక కట్టుబాటుంది: తోటివాడి గుర్రాన్ని పడగొట్టిన తుపాకీ ఆ వేటకాలం ముగిసేదాకా గుర్రం పోయినవాడి ఇంట్లో వేలాడాలి. కొట్టినవాడి గుర్రం అతనికి వెళ్ళిపోవాలి. ఎవరూ అడగకముందే నాన్న రెండూ ఇచ్చేశాడు. ఇక వేటకు రావద్దని ఎవరూ అనలేదు. గుర్రం లేనివాడిని వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళడం ఉంది, అలా అడవికి పోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. తర్వాతి వేటకు వాళ్ళు బయల్దేరిన తెల్లవారుజామున నాన్న దుప్పటి కట్టుకుని, టీ డబ్బా నడుముకు తగిలించుకుని కంచె దగ్గర నిలబడ్డాడు.

"బాగున్నావా తమ్ముడూ? చలి ఎక్కువుంది, లోపలికి పో," అన్నాడు పెదనాన్న. గుర్రాలు ఆగలేదు.

నాన్న డబ్బా విప్పి అమ్మ చేతికిచ్చాడు. ఆ రోజు గుడిసె దాటి బయటికి రాలేదు. మర్నాడు కూడా.

ఆ వేట నుంచే మొదటి మెడ వచ్చింది. పెదనాన్న కూతురు బొయికన్యొ అక్క దాన్ని ఎనామిల్ బేసిన్లో పెట్టుకుని నెత్తిన మోసుకొచ్చింది. ఆమెకు ఆగస్టులో పెళ్ళి. ఎప్పుడూ నవ్వుతూనే ఉండేది.

"ఏమే మూగపిల్లా, ఇదుగో, మా నాన్న పంపాడు. బేసిన్ మాత్రం దాచేసుకోకు. పెళ్ళికి ఉన్న బేసిన్లే చాలవని మా అమ్మ ఏడుస్తోంది."

అక్క వెళ్ళిపోయాక నాన్న గుడిసెలోంచి బయటికొచ్చాడు. బేసిన్ మీది గుడ్డ తీసి చూడలేదు. గుడ్డ కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"మెడ," అన్నాడు.

మా దగ్గర జింకను పంచేటప్పుడు ఎవరి వాటా వాళ్ళకు ఉంటుంది. రొమ్ము ఊరిపెద్దకు, తల మేనమామకు, పక్కటెముకలూ తొడలూ గుర్రమెక్కి వెళ్ళినవాళ్ళకు. మెడ, పిక్కలూ ఇంటి దగ్గర మిగిలినవాళ్ళకు.

"కాలిరిగినోడికి పంపుతారు మెడ," అన్నాడు నాన్న. "మొగుడు పోయినదానికి పంపుతారు."

"ఏదో ఒకటి పంపారుగా!" అంది అమ్మ. "ఉత్త సంకటి మింగలేక చస్తున్నాం. మెడైతే ఏం, మాంసం కాదా?"

"కెబొన్యే!" అని నన్ను పిలిచాడు. "ఇది పట్టుకెళ్ళి మొదిసెకి ఇచ్చేసి రా. 'మా నిప్పు వేరు, మీ నిప్పు వేరు' అని చెప్పు. అంతే. ఇంకేం అనక్కర్లేదు."

అమ్మ సంకటి కలుపుతున్న కర్ర కుండలోనే ఆగిపోయింది. "ఆ మాట వద్దు. నీకు దణ్ణం పెడతాను. ఆ మాట అన్న ఇళ్ళు మళ్ళీ కలిసిన దాఖలా ఉందా? ఊరి చివర అన్నదమ్ములు నీళ్ళ బోరు దగ్గర ఈనాటికీ వేర్వేరు పూటల్లో కడవలు పెట్టుకుంటున్నారు. వాళ్ళ తాతలన్న మాటకి!"

"నా నోటితో చెప్పడానికి నేను వెళ్ళలేను. పిల్ల చెప్తుంది."

నేను బేసిన్ ఎత్తుకుని బయల్దేరాను. దారంతా ఆ మాటే లోపల అనుకుంటూ నడిచాను, పాఠం బట్టీ పట్టినట్టు. పెదనాన్న వాకిట్లో కూర్చుని జీనుకు కొవ్వు రాస్తున్నాడు. ఫెఫో జీను అది. ఎక్కించడానికి ఆ గుర్రం లేకపోయినా, అంచుల్లో కుట్లు కూడా వదలకుండా వేలితో రుద్దుతున్నాడు. నేను కంచె దగ్గర నిలబడ్డాను. ఆయన తలెత్తలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బేసిన్ బరువుకు మెడ నొప్పి పెట్టాక వెనక్కి తిరిగాను.

ఇంటికి వెళ్ళలేను. అక్కడా వదిలి రాలేను. మా ఇంటి వెనకే నానమ్మ గుడిసె. అందులోకి దూరాను.

నానమ్మ ముక్కుపొడుం డబ్బా మూత పెట్టి నన్నూ బేసిన్నూ మార్చి మార్చి చూసింది. "ఏంటది?"

"మెడ."

"మొదిసె పంపాడా? మీ నాన్న తిప్పి పంపమన్నాడా?"

తలూపాను.

"ఆ మాట చెప్పమన్నాడా?"

తలూపాను.

"చెప్పావా?"

ఏడుపొచ్చేసింది. నానమ్మ నా గడ్డం పట్టుకుని ఊపింది. "ఏడుస్తావెందుకే? నోరున్న పిల్లవైతే ఈపాటికి రెండిళ్ళు తగలడేవి. పో, గొడ్డలి తే."

నానమ్మకు పళ్ళు పోయి నాలుగేళ్ళయింది. మాంసం అంటే మాత్రం ప్రాణం. మెత్తటి ముక్కలు ఆమె వాటాకు ఎప్పుడూ రాలేదు. మొగుడు పోయినప్పటినుంచీ మెడలూ పిక్కలే. వాటిని ఏం చేయాలో ఆమెకు తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"ఎముక మీద కొట్టకు, కీలు వెతుక్కో. వేలు పెట్టి చూడు, మెత్తగా తగుల్తుంది. అక్కడ కొట్టు. ఆఁ! ఇప్పుడు కుండలో పెట్టి మునిగేదాకా నీళ్ళు పొయ్యి."

"ఉప్పు?"

"ఇప్పుడే వేస్తే నీళ్ళు ఇంకేసరికి ఉప్పు పర్ర అవుద్ది. ఆఖర్న. చిన్న మంట పెట్టు. నీకు తొందరుంటే కోడిపెట్టని వండుకో పో."

పొద్దున్న పొయ్యి మీద పెడితే ఎండ వాలేదాకా ఆ మూడు కాళ్ళ ఇనుప కుండను దించలేదు. నీళ్ళు తగ్గినప్పుడల్లా పక్కన కాగుతున్న నీళ్ళు పోసింది నానమ్మ. చన్నీళ్ళు ముట్టనివ్వలేదు. మధ్యాహ్నం కర్రతో పొడిస్తే ముక్క రాయిలాగే ఉంది. "చూశావా? ఇప్పుడు ఓపిక పోయినోళ్ళు కుండ దించేస్తారు. దించి, మెడ మంచిది కాదంటారు," అంది. సాయంత్రానికి ఎముకలు వాటంతటవే ఊడి అడుగుకు దిగాయి. వాటిని ఏరేసి, రోకలితో దంచి, మిగిలిన చారుతో మళ్ళీ కాసేపు పొయ్యి మీద వేయిస్తే, నారలు నారలుగా విడిపోయి కొవ్వులో మెరిసింది.

రోజూ సాయంత్రం నాన్న నానమ్మకు కట్టెలు తెచ్చి వేసేవాడు. ఆ రోజూ వచ్చాడు. నేను గుడిసె మూలకు జరిగి కూర్చున్నాను. నానమ్మ పళ్ళెంలో సంకటి, మీద దంచిన మాంసం పెట్టి ఆయన ముందుకు తోసింది. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు.

"ఎక్కడిది?"

"అడవిది. తిను."

నాన్న చాలాసేపు ఆ ముద్ద నోట్లోనే ఉంచుకున్నాడు. తర్వాత తిన్నాడు. మారు కూడా అడిగాడు. వెళ్ళేటప్పుడు నేను కూర్చున్న మూలవైపు తల తిప్పాడు. కనిపించానో లేదో నాకు తెలియదు.

ఆ రోజు నోటుబుక్కులో ఇలా రాసి ఉంది: "తిన్నాడు. నేను అబద్ధం ఆడలేదు, ఎవరూ ఏమీ అడగలేదు."

రెండో మెడ జులైలో వచ్చింది. ఈసారి అమ్మే దాన్ని గుడ్డలో చుట్టి, "చుట్టు తిరిగి పో," అని నా చేతిలో పెట్టింది. బడికి చలికాలం సెలవులు. పొద్దున్నే పొయ్యి ముట్టించి నేనూ నానమ్మా ఎండలో కూర్చున్నాం. సాయంత్రం రావలసిన నాన్న మధ్యాహ్నమే వచ్చేశాడు, చేతిలో కట్టెలు లేకుండా. గోడకు ఆనుకుని కూర్చుని కాసేపు విన్నాడు.

"కుండ అరుస్తోంది," అన్నాడు.

"అరవడమేంట్రా?" అంది నానమ్మ.

"విను. అరిచే కుండలో మాంసం బిగుసుకుపోతుంది, కుక్కల మధ్య చిక్కిన జంతువులాగ. కెబొన్యే, ఆ పెద్ద మొద్దు వెనక్కి లాగు. ఇంకొంచెం. ఇప్పుడు విను."

ముందు నాకేం తేడా తెలియలేదు. కళ్ళు మూసుకున్నాను. గలగలమని పొర్లే చప్పుడు తగ్గి, అడుగునుంచి ఒక్కో బుడగ లేస్తూ, పడుకున్నవాళ్ళు నిద్రలో గొణిగినట్టు వినిపించింది.

"అదీ," అన్నాడు నాన్న. ఆ నెలలో ఆయన మొహం విప్పారడం అదే మొదటిసారి.

"నా పొయ్యి దగ్గరికొచ్చి నాకే నేర్పుతున్నాడు చూడు," అని నానమ్మ మూతి తిప్పింది. కానీ లేచి చాప ఆయనకిచ్చి, పడుకోవడానికి లోపలికి పోయింది.

ఇద్దరమే మిగిలాం. నాన్న ముక్కు పైకెత్తి ఆవిరి వాసన చూస్తున్నాడు. నేను నోటుబుక్కులో ఎన్నిసార్లు రాసుకున్నానో ఆ మాట, ఎలాగో పైకి వచ్చేసింది.

"నాన్నా... మే నెలలో గాడిద కోసం వెళ్ళినప్పుడు... దారిలో కుకామా అడుగులున్నాయి. కొత్తవి. నువ్వు వాటి మీద నడిచేశావు."

ఆయన పుల్లతో నిప్పులు కదిపాడు.

"నేను అప్పుడే చెప్పుంటే ఫెఫో..."

"ఎడమ కన్ను రెండేళ్ళ కిందే పొగబారింది," అన్నాడు నాన్న. "కుడిది పోయిన వానల్లో. మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలీదు. నువ్వు మొదిసెకి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఫెఫోకి ఎవరం చెప్పలేదు."

కుండ గొణుగుతూనే ఉంది. "వేడి నీళ్ళు ఒక డబ్బా పొయ్యి. అంచు మీంచి, నిమ్మళంగా," అన్నాడు. పోశాను.

ఆ తర్వాత నాన్న రోజూ ఆ పొయ్యి దగ్గరే ఉండేవాడు. మాంసం లేని రోజుల్లో చిక్కుళ్ళు ఉడికించేవాడు. మూడో మెడను మొదలునుంచి చివరిదాకా తనే వండాడు, కీళ్ళు తడిమి కొట్టడం దగ్గరనుంచి. రోకలి దిగే తీరునుబట్టి ఏ నార విడిపోయిందో, ఏది మొండికేస్తోందో చెప్పేవాడు. కానీ నానమ్మ కంచె దాటి బయటికి మాత్రం వచ్చేవాడు కాదు. సాయంత్రాలు మగవాళ్ళంతా మొదిసె పెదనాన్న వాకిట్లో నిప్పు చుట్టూ కూర్చుని నవ్వుకునేవాళ్ళు. వాళ్ళ నవ్వులు మా దాకా వినిపించేవి. ఏ నవ్వు ఎవరిదో నాన్న పేరుపెట్టి చెప్పేవాడు. అమ్మ ఒకసారి, "ఒక్కసారి వెళ్ళి కూర్చోరాదూ," అంటే, "ఏం చెప్పుకోవాలి వాళ్ళతో? వేట కబుర్లా?" అన్నాడు.

ఒకరోజు అమ్మ నాతో గుసగుసగా అంది: "మీ నాన్న ఇలాగే ఉంటే, కంటిచూపు కంటే ముందు మనిషి పోతాడే."

ఆగస్టు చివర్లో బొయికన్యొ అక్క పెళ్ళి. మా పెళ్ళిళ్ళకు పిలుపులుండవు, అందరూ వెళ్ళడమే. అమ్మ పొద్దున్నే జొన్నలు దంచడానికి వెళ్ళింది. నాన్న రానన్నాడు. "వాళ్ళ గుర్రాన్ని చంపినోడు వాళ్ళ పెళ్ళిలో ఎముక చీకుతూ కూర్చోవాలా?"

ఆ ఏడు కరువుకు పెదనాన్న ఎద్దులు పోయాయి. అందుకని పెళ్ళికి రెండు ముసలి కుకామా పోతులను కొట్టుకొచ్చారు. పెళ్ళి మాంసం వండడం మగవాళ్ళ పని. వాకిలి అవతల వాళ్ళ కుండల చోటుకు ఆడవాళ్ళు వెళ్ళరు. తెల్లవారగానే పొయ్యిలు ముట్టించారు, ఐదు కుండలు. పెదనాన్న మేనల్లుడు ఒలెబిలె వాటికి పెద్ద. గొడ్డు మాంసం వండడంలో అతనికి పేరుంది. కుకామాను కూడా గొడ్డు మాంసంలాగే వండడం మొదలుపెట్టాడు. మగపెళ్ళివారు మధ్యాహ్నానికి వస్తారు.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు నేను నీళ్ళ బిందెతో ఆ చోటు అంచుదాకా వెళ్ళాను. ఐదు కుండలూ గలగలమని అరుస్తున్నాయి. మంటలు కుండల మూతుల దాకా లేస్తున్నాయి. ఒలెబిలె ఒక ముక్క తీసి కొరికి, లాగి, ఉమ్మేశాడు.

"ఏంరా, ఉడికిందా?" అన్నాడు పెదనాన్న.

"ఇంకాస్త కట్టెలు వేస్తే..."

"పొద్దుటినుంచీ ఇంకాస్తే! మగపెళ్ళివారు పశువులున్నోళ్ళు, వెన్నలాంటి మాంసం తిని పెరిగినోళ్ళు. నా కూతురి పెళ్ళిలో వాళ్ళ చేత చెప్పులు నమిలిస్తావా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఒలెబిలె ఇంకో మొద్దు తోసి, నా వైపు చెయ్యి చాపాడు. "ఆ నీళ్ళిలా తే. కుండలు మాడిపోతున్నాయి."

బిందె నిండా చన్నీళ్ళు. నేను ఇవ్వలేదు.

"ఏయ్ పిల్లా! నిన్నే."

"పొయ్యకూడదు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మగవాళ్ళంతా తిరిగి చూశారు. పారిపోదామనిపించింది. కానీ బిందె వదిలిపెట్టి పారిపోతే ఆ నీళ్ళు కుండల్లో పోస్తారు. అందుకని అక్కడే నిలబడ్డాను.

"కుండలు అరుస్తున్నాయి. అరిస్తే మాంసం బిగుసుకుపోద్ది. మంట తీసెయ్యాలి. చన్నీళ్ళు పొయ్యకూడదు. మా నాన్న అలాగే వండుతాడు."

"మొఖెతి వండుతాడా?" అని ఒకడు. "తుపాకీ వదిలి గరిటె పట్టాడా?" అని ఇంకొకడు. నవ్వారు.

పెదనాన్న నవ్వలేదు. "నేను పంపిన మెడలు మొఖెతి వండాడా?"

"ఆఖరిది మొత్తం నాన్నే వండాడు. నానమ్మకి పళ్ళు లేవు పెదనాన్నా. అయినా తింది."

ఆయన ఎండవైపు చూశాడు. కుండలవైపు చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మా ఇంటివైపు నడిచాడు.

వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. దూరాన మా కంచె దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడడం మాత్రం కనిపించింది. గాలికి ఇసుక లేచి మధ్యలో కాసేపు వాళ్ళు కనబడలేదు. మళ్ళీ కనిపించేసరికి ఇటే వస్తున్నారు. పెదనాన్న ఎప్పుడూ అంత నెమ్మదిగా నడవగా చూడలేదు. ముందు ఆయన, వెనక నాన్న. నాన్న చెయ్యి ఆయన భుజం మీద ఉంది.

అది చూశాక కుండల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఒలెబిలె తాను కూర్చున్న దుంగను నాన్న కాళ్ళకు తగిలేలా జరిపాడు.

నాన్న కూర్చోలేదు. ఒక్కో కుండ దగ్గరికి వెళ్ళి చెవి వంచాడు. "మొద్దులన్నీ లాగెయ్యండి. నిప్పులు చాలు. ఉప్పు వేశారా?"

"వేశాం మామా," అన్నాడు ఒలెబిలె, తల దించుకుని.

"సర్లే. సగం చారు తీసి పక్కన పెట్టి వేణ్ణీళ్ళు పొయ్యండి. తొడ ఎముకలు పగలగొట్టి మూలుగుతో సహా కుండకు రెండు వెయ్యండి, వీటికి కొవ్వు లేదు. మూతలు పెట్టాక నేను చెప్పేదాకా తియ్యొద్దు."

"ఎంతసేపు?" అన్నాడు పెదనాన్న.

"ఎండ వాలాలి."

"మగపెళ్ళివారు వచ్చేస్తున్నారయ్యా!"

"బీరు పొయ్యి. ఆడవాళ్ళని పాటలు పాడమను. కుండల్ని మాత్రం నన్నడక్కు."

ఆ రోజు ఆడవాళ్ళు పాడినన్ని పాటలు మా ఊళ్ళో మళ్ళీ ఏ పెళ్ళిలోనూ పాడలేదు. ఒకే పాటను మూడుసార్లు పాడారు. నేను బిందె పట్టుకుని వాకిటి అంచునే కూర్చున్నాను, ఎవరూ పొమ్మనలేదు. నాన్న కుండల మధ్య తిరుగుతున్నాడు, ఇసుకలో జంతువు వెంట నడిచినప్పటిలాగే, కొంచెం వంగి, తొందర లేకుండా. ఒక్కో కుండ అరుపు మానేసి గొణగడం మొదలైంది. ఎండ ఎర్రబడే వేళకు ఆయన మొదటి మూత తీయించి, కర్ర ముంచి, తల పంకించాడు. రోకలి ఒలెబిలె చేతికిచ్చి, తన చెయ్యి అతని చెయ్యి మీద ఉంచి దంచడం చూపించాడు.

మగపెళ్ళివారిలో ఒక ముసలాయన పళ్ళెం వేలితో తుడుచుకు తిని అడిగాడు. "ఇది పశువు మాంసం కాదు. ఎవరు వండారిది?"

"మా వేట గుంపులో మనిషి," అన్నాడు పెదనాన్న.

నాన్నకు ఆ మాట వినిపించింది. నాకు తెలుసు, ఎందుకంటే దంచవలసింది ఇంకేమీ లేకపోయినా అరిగిపోయిన రోకలిని మళ్ళీ మళ్ళీ తడుముతున్నాడు.

సెప్టెంబరులో ఆ కాలపు చివరి వేట. గడువు తీరకముందే పెదనాన్న తుపాకీని మా ఇంటికి తిప్పి పంపేశాడు. నాన్న దాన్ని నూనె గుడ్డలో చుట్టి చూరులో పెట్టేశాడు. వేటగాళ్ళు వచ్చిన రోజు ఒలెబిలె స్వయంగా వాటా తెచ్చాడు. నాన్న గుడ్డ కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"పక్కటెముకలు," అన్నాడు.

గుర్రమెక్కినవాళ్ళ వాటా. అమ్మ కళ్ళు మెరిశాయి. ఒలెబిలె వెళ్ళేదాకా ఆగి నాన్న గుడ్డ మళ్ళీ కప్పేశాడు. ఆ తర్వాత,

"కెబొన్యే, ఇది పట్టుకెళ్ళి మొదిసెకి ఇచ్చేసి రా."

"మళ్ళీ ఏమొచ్చింది నీకు?" అంది అమ్మ, దాదాపు ఏడుస్తూ.

"ఏం చెప్పాలి నాన్నా?" అన్నాను.

"మా వాటా మెడ అని చెప్పు. పక్కటెముకలు ఎవడైనా కాల్చుకు తింటాడు." ఆగి అన్నాడు: "ఈసారి దారిలో నానమ్మ గుడిసెలోకి దూరకు."

అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది, నవ్వు దాచుకోవడానికి. అంటే మొదటి ముద్దకే తెలిసిపోయిందన్నమాట. మెడ నార ఎలా ఉంటుందో తెలియనివాడా మా నాన్న!

పెదనాన్న వాకిట్లో కూర్చుని జీనుకు కొవ్వు రాస్తున్నాడు. అదే జీను, ఇప్పుడది నాన్న ఇచ్చిన గుర్రం మీదికి ఎక్కుతోంది. నేను కంచె దగ్గర ఆగలేదు, లోపలికి వెళ్ళాను.

"పెదనాన్నా, నాన్న చెప్పమన్నాడు. మా వాటా మెడ. పక్కటెముకలు ఎవరైనా కాల్చుకు తింటారట."

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. నన్ను చూసి, బేసిన్ చూసి, వాకిలంతా మోగేలా నవ్వాడు. నవ్వు అయిపోయాక అడిగాడు, ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ పైకి అడగనిది.

"మీ నాన్న కళ్ళెలా ఉన్నాయమ్మా?"

"కనబడవు పెదనాన్నా," అన్నాను.

ఆయన తలూపాడు. లోపలికి వెళ్ళి మెడ తెచ్చాడు. దాని మీద రెండు పిక్కలు కూడా పెట్టి, బేసిన్ ఎత్తి నా నెత్తిన పెట్టాడు. "చీకటి పడేలోపు నేనూ తినడానికొస్తానని చెప్పు. నా పళ్ళూ కదులుతున్నాయి."

తిరిగి వస్తుంటే ఇసుకలో కాళ్ళు దిగబడుతున్నాయి. నాన్న నానమ్మ వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు, వీపు నా వైపు. నేనింకా కంచె దాకా కూడా రాలేదు.

"మెడే," అన్నాడు, తల తిప్పకుండా. "పిక్కలు కూడా ఇచ్చాడా? అడుగు బరువుగా పడుతోంది."

పొయ్యి మీద నీళ్ళు అప్పటికే కాగుతున్నాయి.